మా ఇంటి కరెంటు శ్రుతి

విజయనగరంలో మే నెలలో ఫ్యాన్ కట్టేసి గిటార్ వాయించి రికార్డు చేయడమంటే ఏమిటో ఇక్కడ ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు. రెండో నిమిషానికే ముంజేయి గిటార్‌కి అతుక్కుపోతుంది, మూడో నిమిషానికి వేళ్లు జారతాయి, అప్పటికి మంచి టేక్ వస్తున్నా సరే, చెమట చుక్క కంట్లోకి దిగి ఆ ఒక్క స్వరం పోతుంది. అందుకే మైకు జోలికి పోకుండా ఎలక్ట్రిక్ గిటార్‌ని కేబుల్‌తో నేరుగా ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి, అంటే శబ్దాన్ని లాప్‌టాప్‌కి అందించే డబ్బాలోకి, పెట్టేశాను. మైకు లేకపోతే ఫ్యాన్ గాలి, కోట జంక్షన్ వైపు నుంచి వచ్చే ఆటో హారన్లు, కింద కుక్కర్ విజిల్స్ ఏవీ వినిపించవు కదా అని నా తెలివి.

ఫ్యాన్ గాలి రాలేదు గానీ ఫ్యాన్ రెగ్యులేటర్ వచ్చింది.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే వెనకాల సన్నగా ఒక గీ... మోత. నా గిటార్‌వి సింగిల్ కాయిల్ పికప్‌లు, అంటే తీగల కింద ఉండే ఒంటి చుట్లు, అవి తీగల కదలికతో పాటు చుట్టుపక్కల కరెంటు గోలనంతా యాంటెన్నాలా లాగేసుకుంటాయి. రాజాంలో ఉండే మా బావ గిటార్‌కి హంబకర్లు ఉన్నాయి, వాటిలో రెండు చుట్లు ఎదురెదురుగా ఉండి ఈ మోతని ఒకదానికొకటి కొట్టేసుకుంటాయి. ఆయన డెమోలు కడిగిన పళ్లెంలా ఉంటాయి, ఆ విషయం నాకు వారానికోసారి గుర్తుచేస్తూనే ఉంటాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అంతా దీని మీదే కూర్చున్నాను. లాప్‌టాప్ ఛార్జర్ పీకితే సగం పోయింది. తీగల మీద చెయ్యి పెడితే ఇంకాస్త తగ్గింది. కుర్చీని కిటికీ వైపు తిప్పి కూర్చుంటే, నమ్మండి, మూల తిరిగేసరికి దాదాపు మాయమైంది, కానీ ఆ యాంగిల్‌లో నాకు లాప్‌టాప్ కనిపించదు. గుండ్రంగా తిప్పే రెగ్యులేటర్‌ని మూడు మీద పెడితే మోత ఎక్కువ, ఫుల్ మీద పెడితే తక్కువ. ఫుల్ మీద పెడితే రాసుకున్న కాగితాలు ఎగిరిపోతాయి. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్ కూడా వాడి చూశాను. మోత పోయింది, దాంతో పాటే స్వరం చివర మెల్లగా కరిగిపోయే భాగం కూడా పోయింది. గిటార్‌ని బిందెలో ముంచి వాయించినట్టుంది. తీసేశాను.

సరే, మోతతోనే మూడు నిమిషాల డెమో పూర్తి చేశాను. జీ నుంచి మొదలయ్యే ఐదు స్వరాలే, గిటార్ వాళ్లు పెంటాటోనిక్ అంటారు, మన వాళ్లు మోహన అంటారు. మా అమ్మ మొత్తం విని, "బాగుంది నాన్నా, మరి పాటెవులు పాడతారు?" అంది. పాట ఉండదమ్మా, ఇంతే అంటే నన్ను జాలిగా చూసింది.

మా వీధి చివర ఒక వయొలిన్ మాస్టారు ఉంటారు, ఇక్కడి సంగీత కళాశాలలోనే నేర్చుకున్నారు. 1919లో పెట్టిన కాలేజీ, ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ చెప్పిన చోటు. అలాంటి ఊళ్లో గిటార్ పట్టుకుని తిరగడానికే నాకు కొంచెం బిడియం. అయినా ఫోన్‌లో వినిపించాను, ఇయర్‌ఫోన్స్ పెట్టి. ఆయన కళ్లు మూసుకుని కాసేపు విని, "తంబురా ఎవరు వేశారోయ్? శ్రుతి కలపలేదే" అన్నారు.

తంబురా ఎక్కడిది మాస్టారూ, అది కరెంటు.

ఇంటికొచ్చి లెక్క వేస్తే నిజమే. మన కరెంటు 50 హెర్ట్జ్. మోతలో దాని రెట్టింపు 100 కూడా గట్టిగా ఉంటుంది. గిటార్ లావు తీగ మీద మూడో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే మెట్టు), అంటే నా షడ్జమం జీ, 98. ఆ రెండు హెర్ట్జ్ తేడా అక్కడ ఒక ఫ్రెట్ దూరంలో మూడోవంతు పైమాటే. ఇన్నాళ్లూ నేను అపశ్రుతి తంబురా పక్కన పెట్టుకుని వాయిస్తూ, నా చేతిలోనే లోపం ఉందని బెంగపడ్డాను. (చేతిలో కూడా ఉంది. తాళం వేసే క్లిక్‌తో వాయించమంటే ప్రతి మలుపులో ముందుకి ఉరుకుతాను. అది వేరే సంగతి.)

మర్నాడు మాస్టారికి చెబితే నవ్వి, "కరెంటు నీ మాట వినదు కదా, నువ్వే దానికి కలుపుకో" అన్నారు. ఆయన వేళాకోళానికే అన్నారనుకుంటా, నేను మాత్రం ఆ రాత్రే ట్యూనర్‌లో అన్ని స్వరాలకీ కొలతగా పెట్టుకునే 440 హెర్ట్జ్‌ని 449కి మార్చి ఆరు తీగలూ బిగించాను. ఫ్యాన్ మూడు మీద పెట్టి, ఛార్జర్ కూడా ధైర్యంగా తగిలించి, మొదటి స్వరం మీటాను. మోత ఎక్కడికీ పోలేదు, అలాగే ఉంది, కాకపోతే నా జీ దాని మీద వచ్చి కూర్చుంది. చొక్కా తడవకుండా నాలుగు టేకులు చేశాను.

వాట్సాప్‌లో ఆడియోగా పంపితే నలిగిపోతుందని డాక్యుమెంట్‌గా బావకి పంపాను, రిథమ్ వేసి పెట్టమని. రెండు రోజులకి ఫోన్ చేసి, "ఏమోయ్, నీ గిటార్ ఏ దేశంలో ట్యూన్ చేశావు, నేను పట్టే గిటార్ కార్డ్‌లేవీ కలవట్లేదు" అన్నాడు. 449 పెట్టుకో బావా అన్నాను. ఆయన ట్యూనర్ 445 దాకానే వెళ్తుందట.