ఉప్పుగాలికి నిలిచే కిటికీలు

విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లకు తుప్పు గురించి చెప్పనక్కర్లేదు. మామగారు కట్టించిన మా ఇంట్లో కిటికీలన్నీ టేకు చట్రాలు, ఇనుప ఊచలు. టేకు ఇప్పటికీ గట్టిదే. కానీ ఊచ చట్రంలోకి దిగే చోట తుప్పు ఉబ్బి, కర్రను నిలువునా చీల్చేసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కుదిపిన రెక్కలు ఆ తర్వాత ఎన్ని మరమ్మతులు చేయించినా సరిగ్గా పడలేదు. అందుకే ఈ వేసవిలో కిటికీలు మార్పించాం.

కొత్త టేకు మా బడ్జెట్‌కు అందలేదు. అల్యూమినియం మీద పూత ఎక్కడ గీసుకుపోయినా ఉప్పుగాలి అక్కడి నుంచే తినేస్తుంది. చివరికి యూపీవీసీ అనే గట్టి రకం ప్లాస్టిక్ కిటికీలు తీసుకున్నాం. దానికి తుప్పు లేదు, చెదలు పట్టవు. అయితే అది ప్లాస్టిక్కే కాబట్టి గట్టిదనమంతా లోపల దూర్చే జింకు పూత ఇనుప పట్టీది. దుకాణంలో కోసిన ముక్కను చేతికి తీసుకుని చూశాను. లోపల సన్నటి గదులు, మధ్య గదిలో ఆ పట్టీ. చట్రంలోనే కాదు, రెక్కలో కూడా పట్టీ ఉంటుందా అని అడిగి, ఆ మాట కొటేషన్‌లో రాయించుకున్నాను. ధరల్లో తేడా చాలావరకు అక్కడే ఉంటుంది.

అసలు పట్టుదల నాకు స్లైడింగ్, అంటే పక్కకు జరిపే రెక్కల దగ్గర వచ్చింది. దుకాణదారు అదే తీసుకోమన్నాడు, మావారూ అటే మొగ్గారు. ధర తక్కువ, రెక్క బయటికి రాదు. నిజమే, కానీ రెండు పట్టాల స్లైడింగ్ కిటికీ ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుంది. మధ్యాహ్నం సముద్రం మీది నుంచి వచ్చే గాలే మా ఇంటికి ఆధారం. అందులో సగాన్ని డబ్బిచ్చి మరీ ఎందుకు ఆపుకోవాలి? పైగా స్లైడింగ్ రెక్కల సందులో ఉండేది బ్రష్షు. ఈదురుగాలితో కొట్టే వానను అది పూర్తిగా ఆపలేదు. తెరిచే రెక్క అయితే గడియ వేయగానే చుట్టూ ఉన్న రబ్బరును అదిమి పట్టుకుంటుంది. కాబట్టి మేము రెక్కల కిటికీలే పెట్టించాం. దోమతెర లోపలికి తెరుచుకుంటుంది.

ఊచలకు స్టీలు అంటే సరిపోదు. స్టెయిన్‌లెస్ స్టీలులో 304 రకానికి సముద్రం దగ్గర గోధుమరంగు మచ్చలు పడతాయి. 316 రకంలో మాలిబ్డినం అనే లోహం కలుస్తుంది కాబట్టి ఉప్పుకు ఎక్కువ కాలం తట్టుకుంటుంది. ఊచలకూ బందులకూ అదే అడిగాం.

అద్దం టఫెన్డ్, అంటే గట్టిపరిచినది తీసుకున్నాం. పగిలినా కత్తుల్లాంటి పెంకులు కాకుండా చిన్న పలుకులుగా రాలుతుంది. ఒకసారి గట్టిపరిచాక దాన్ని కోయడం కుదరదు, అందుకని కొలత ముందే సరిగ్గా ఉండాలి. కొలతలకు వచ్చిన కుర్రాడు ప్రతి కిటికీకీ వెడల్పును పైన, మధ్యలో, కింద వేరువేరుగా కొలిచాడు. అత్తయ్య గది కిటికీలో పైకీ కిందికీ వేలెడు తేడా వచ్చింది. పాత గోడలు అంతేనమ్మా, చిన్న కొలతే తీసుకోవాలి అన్నాడు. మిగిలిన సందును ఫోముతో నింపి, బయటివైపు సిలికాన్ పట్టించాడు. రెండు పొరల అద్దం మాత్రం వద్దనుకున్నాం. పగలంతా కిటికీలు తెరిచే ఉంచే ఇంట్లో, ఏసీ లేని గదుల్లో దానికి పెట్టే డబ్బు వృథా.

పూజగది కిటికీని అత్తయ్య మార్చనివ్వలేదు. అది ఇంటి లోపలివైపు ఉండటంతో కర్ర చీలలేదు. వడ్రంగి పాత ఊచలు తీసేసి, స్టీలు ఊచలు దింపి, రెక్కలకు చిత్రిక పట్టి నూనె రాశాడు. కొత్త కిటికీ ధరలో చిన్న భాగమే అయింది. మిగతా గదుల్లో కూడా కర్ర అలా నిలిచి ఉంటే, నేను యూపీవీసీ జోలికి వెళ్లేదాన్ని కాదు.