క్లౌన్ చేప ఒంటి మీద తెల్లటి జిగురు

హైదరాబాద్ నుంచి తెచ్చిన ఏ సముద్రపు చేపనూ నేరుగా పగడాలున్న పెద్ద ట్యాంకులో వదల. రోగమేమన్నా ఉందేమో చూసేందుకు ముందు ఇసుక, రాళ్లు లేని చిన్న ట్యాంకులో ఉంచుత. మా నల్లగొండ బోరు నీళ్ల ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే. అందుకే ఆర్వో నీళ్లలోనే సముద్రపు ఉప్పు కలుపుత, సాంద్రత 1.025 వచ్చేదాకా.

మొన్న తెచ్చిన క్లౌన్ చేప మేత ముట్టలేదు. పక్క నుంచి టార్చి వేసి చూసిన. ఉప్పు రవ్వంత విడివిడి చుక్కలుంటే ఇక్ అనే పరాన్నజీవి రోగం. అంతకన్నా సన్నటి పసుపు పొడి, వేగంగా కొట్టుకునే మొప్పలైతే వెల్వెట్ అనే ఇంకో పరాన్నజీవి రోగం; అది చాలా తొందరగా చంపుతది. ఆ రెంటికీ రాగి మందు పనిచేస్తది. దీనికేమో ఒంటి మీది జిగురు పొరలుగా ఊడుతున్నది. బ్రూక్లినెల్లా అనే పరాన్నజీవి! క్లౌన్‌లకు ఎక్కువగా వచ్చేది, రాగికి లొంగనిది.

కిటికీలు తెరిచి, గ్లోవ్స్ వేసుకొని, సీసా మీద రాసిన మోతాదుకే ఫార్మాలిన్ (ఫార్మాల్డిహైడ్ ద్రావణం) స్నానం చేయించిన. ఫార్మాలిన్ నీళ్లలో ఆక్సిజన్ తగ్గిస్తది, కాబట్టి ఎయిర్ పంపు ఆపొద్దు. స్నానమైనంక చేపను వేరే శుభ్రమైన ట్యాంకులోకి మార్చాలె. పాత నీళ్లలో ఆ పరాన్నజీవి ఇంకా ఉంటది.

ఇప్పుడు రొయ్య తురుము తింటున్నది, నాకెంత సంతోషమో! అయినా పెద్ద ట్యాంకులోకి ఇప్పుడే పంప.