తెలియకపోవడం, తెలియనట్టుండటం

పర్లాకిమిడి, ఆదివారం రాత్రి

ఒడియా మాధ్యమంలో తొమ్మిదో తరగతి చదువుతున్న మా మేనకోడలు ఈ మధ్యాహ్నం ఇంగ్లీషు పాఠం ముందు పెట్టుకుని, "మావయ్యా, ఇగ్నోర్ అంటే పట్టించుకోకపోవడమట, ఇగ్నరెంట్ అంటే ఏమీ తెలియనివాడట. రెండూ ఒకే మాటలా ఉన్నాయి కదా, మరి అర్థాలెందుకు వేరయ్యాయి?" అని అడిగింది. ఇంత చక్కని ప్రశ్న విని చాలా కాలమైంది. సాయంత్రం దీపం పెట్టేదాకా మా ఇద్దరికీ ఇదే వ్యాపకమైంది.

ఆ క్రియకు మూలమైన లాటిన్ పదం ఇగ్నోరారేకు తెలియకపోవడమనే అర్థం. ఫ్రెంచివారు ఇగ్నోరే అన్నప్పుడు నేటికీ చాలాచోట్ల ఆ అర్థమే వస్తుంది. ఇంగ్లీషులోనూ 17వ శతాబ్దంలో ఈ పదం ఆ అర్థంతోనే కనిపిస్తుంది గాని, వెంటనే నిలదొక్కుకోలేదు. 1755లో వెలువడిన తన నిఘంటువులో శామ్యూల్ జాన్సన్ "తెలియకుండుట" అనే అర్థమిచ్చి, ఈ పదాన్ని బాయిల్ ప్రవేశపెట్టబోయాడనీ, అది ఆదరణ పొందలేదనీ రాశాడు. వాయువుల పీడనం గురించి బడిలో చదువుకునే బాయిల్ నియమం ఆయనదేనని చెప్పగానే పిల్ల ముఖం వెలిగింది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఇంగ్లండు న్యాయస్థానాల ఆచారం. నేరారోపణ పత్రాన్ని పరిశీలించే గ్రాండ్ జ్యూరీ సాక్ష్యం చాలదనుకుంటే ఆ పత్రం వెనుక "ఇగ్నోరామస్" అని, అంటే "మాకు తెలియదు" అని లాటిన్‌లో రాసేది. దానితో ఆ ఆరోపణ అక్కడే ఆగిపోయేది. పత్రం చదివినవారే, సాక్షులను విన్నవారే తెలియదని రాయడంలో, తెలిసినదాన్ని పక్కన పెట్టడమనే భావం అప్పటికే ఉంది. ఆరోపణను తోసిపుచ్చడమనే అర్థంలోనూ ఈ క్రియ వాడుకలోకి వచ్చింది. నేటి అర్థం 19వ శతాబ్దంలో స్థిరపడింది.

ఇగ్నోరారేలోని "గ్నో", మన అజ్ఞానంలోని "జ్ఞా" ఒకే ధాతువు నుంచి పుట్టినవి. అయితే సంస్కృతం అజ్ఞానాన్నీ అవజ్ఞనూ వేరుగా ఉంచింది: మొదటిదానిలో ఎరుకే లేదు, రెండవదానిలో ఎరుక ఉండి కూడా చులకన ఉంది. ఒడియాలో అణదేఖా అంటారని, అంటే చూడనిదని మేనకోడలే అందించింది. తెలుగులో చూసీ చూడనట్టుండటమంటాం. అందులోని నటనను ఆ మాట దాచదు కనుక నాకు అదే అన్నిటికన్నా నిజాయితీ గలదిగా తోస్తుంది.

ఈ ఊళ్లో కూర్చుని ఇదంతా ఆలోచిస్తూ గిడుగు రామమూర్తిగారిని తలచుకోకుండా ఉండలేను. ఇక్కడి రాజావారి బడిలో పాఠాలు చెప్పిన ఆయన చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకుని, 1931లో దాని వ్యాకరణాన్ని ప్రచురించారు. తరతరాలుగా పక్కనే వినబడే భాషను తెలియదంటూ ఉండటం మొదట అజ్ఞానమే కావచ్చు గాని, కాలం గడిచేకొద్దీ అది అవజ్ఞ కాక మానదని నేను గట్టిగా నమ్ముతాను. ఈ మాట పిల్లకు కొంచెం నెమ్మదిగా, రెండు సార్లు చెప్పాను.

రేపు నెగ్లెక్ట్ సంగతి చూడాలట. దాని లాటిన్ మూలానికి ఏరుకోకపోవడమని అర్థం చెప్పవచ్చు. అక్కడి నుంచి మొదలుపెడతాను.