ముందు ఫోను తీసుకురండి

గుంటూరులో మిర్చి వ్యాపారం చేసే ఒక పెద్దాయన గత ఏడాది నా ఆఫీసుకు ప్లాస్టిక్ సంచి పట్టుకుని వచ్చారు. అందులో 40 కాగితాలు. అన్నీ వాట్సాప్ స్క్రీన్‌షాట్లే, జిరాక్స్ షాపులో రంగుల్లో తీయించినవి. 180 టిక్కీల (బస్తాల) తేజ రకం సరుకు తీసుకున్న కొనుగోలుదారు 11 లక్షలు ఎగ్గొట్టాడు. "అన్నీ ఇందులోనే ఉన్నాయమ్మా, దావా వేసేయండి" అన్నారు. కాగితాలు పక్కన పెట్టి "ఫోను ఎక్కడుందండీ?" అని అడిగాను. అద్దం పగిలిందని ఇంట్లో పడేశారట. పండక్కి పాతది ఇచ్చి కొత్తది తీసుకుందామనుకుంటున్నారట. ఆ మాట వినగానే నా గుండె ఆగినంత పని అయింది. వెంటనే అబ్బాయిని పంపించి ఫోను తెప్పించమన్నాను.

ఆ కాగితాల్లో ఏడో పేజీ నాకు ఇప్పటికీ గుర్తుంది. పైన అవతలి వ్యక్తి పేరు "సేఠ్ గారు" అని మాత్రమే ఉంది, నంబరు లేదు. మధ్యలో తేదీ ఉండాల్సిన చోట "నిన్న" అని ఉంది. అది ఏ నిన్న? రేపు బోనులో నిలబెట్టి ఎదుటి పక్షం వకీలు ఇదే అడిగితే ఆ కాగితం ఏం జవాబు చెబుతుంది?

ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతిని కోర్టులో పెట్టాలంటే, దాన్ని ఏ పరికరం నుంచి ఎలా తీశారో చెప్పే ధ్రువపత్రం జతచేయాలని సుప్రీంకోర్టు 2014లో అన్వర్ కేసులో స్పష్టంగా చెప్పింది. మధ్యలో కొంత సడలింపు వచ్చినా, 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ తీర్పుతో ఆ నియమమే మళ్లీ నిలిచింది. అసలు పరికరాన్నే దాని యజమాని బోనులోకి తెచ్చి రుజువు చేస్తే ధ్రువపత్రం అక్కర్లేదని కూడా అందులోనే ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ఆ ధ్రువపత్రానికి నమూనా ఇచ్చి, రెండు భాగాలు చేసింది. మొదటిది రికార్డు దాఖలు చేసేవారు నింపాలి, రెండోది నిపుణుడు నింపాలి. రెండింటిలోనూ హ్యాష్ విలువ, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి వరుస, రాయాలి. రెండో భాగంపై సంతకం చేసే నిపుణుణ్ణి వెతుక్కోవడం చిన్న ఊళ్ల కక్షిదారులకు పెద్ద భారం. ఈ విషయంలో వాళ్ల ఇబ్బందిని ఎవరైనా పట్టించుకోవాలని నా కోరిక.

హ్యాష్ అంటే ఏమిటో పెద్దాయనకు మాటల్లో చెబితే అర్థం కాలేదు. ధర ఒప్పుకుంటూ కొనుగోలుదారు పంపిన 14 సెకన్ల వాయిస్ మెసేజ్‌ను నా కంప్యూటర్‌లోకి తీసి హ్యాష్ లెక్కించాను. 64 అక్షరాలు, అంకెల వరుస వచ్చింది. దాని ప్రతి ఒకటి తీసి, చివర ఒక్క సెకను కత్తిరించి మళ్లీ లెక్కించాను. వరుస మొత్తం మారిపోయింది. ఆయన కళ్లజోడు సర్దుకుని రెండు వరుసలనూ వేలితో పోల్చి చూసుకున్నారు. "సంచికి సీలు వేసినట్టన్నమాట" అన్నారు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

ఆ తర్వాతే అసలు చిక్కు బయటపడింది. 17, 18 కాగితాల మధ్య అరగంట ఖాళీ. "ఇక్కడ ఏమైనా తీసేశారా?" అని అడిగితే ఆయన తలదించుకున్నారు. "తాలు కాయ (నాసిరకం) కొంచెం కలిసింది" అని ఆయన గుమాస్తా కొనుగోలుదారుకు పెట్టిన మెసేజ్‌ను కొడుకు ప్రింటు తీయకుండా పక్కన పెట్టాడు. కేసు పాడవుతుందని భయం.

నాకు కోపం వచ్చింది, దాచుకోను. వాణిజ్య వివాదాల్లో దావాతోపాటే మన దగ్గరున్న సంబంధిత పత్రాలన్నీ వెల్లడించాలి, మనకు వ్యతిరేకమైనవి కూడా. ఆ బాధ్యత కేసు తేలేదాకా ఉంటుంది. పైగా ఆ మెసేజ్ అవతలివాడి ఫోనులోనూ ఉంది కదా! వాళ్లు దాన్ని బయటపెట్టిన రోజున మన 40 కాగితాలనూ ఎవరు నమ్ముతారు?

ఫోను తెరిచి ఆ అరగంట చదివాం. గుమాస్తా మెసేజ్ కింద కొనుగోలుదారు జవాబు ఉంది: "క్వింటాలుకు 300 తగ్గించండి, దించుకుంటాను." రెండు నిమిషాలకు మావాళ్ల "సరే". సరుకు నాణ్యత బాగాలేదని ఇప్పుడు నోటీసు జవాబులో గోలపెడుతున్న మనిషి, ఆనాడు చూసి, బేరమాడి మరీ దించుకున్నాడు. కొడుకు దాచింది దాన్నే.

కోల్డ్ స్టోరేజీ కెమెరా విషయంలో మాత్రం ఆలస్యమైపోయింది. లారీకి లోడు ఎత్తిన దృశ్యాలు అడిగేసరికి నాలుగు నెలలు గడిచాయి. డిస్కు నిండగానే పాతవాటి మీద కొత్తవి రికార్డయ్యాయి. గొడవ మొదలైన వారంలోనే "అవి చెరపకండి" అని ఒక ఉత్తరం రాసి ఉంటే దొరికేవి. అందుకే ఇప్పుడు ఎవరు వచ్చినా మొదటి రోజే ఆ ఉత్తరం రాయిస్తున్నాను. మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే ఏర్పాటు ఫోనులో ఉంటే ఆపిస్తున్నాను. ఫొటోలు వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేయవద్దని చెబుతున్నాను. అలా పంపితే తీసిన తేదీ, చోటు వంటి వివరాలు ఫైలులో మిగలవు.

దావా సాక్షుల దశకు వచ్చింది. పెద్దాయన ఆ ఫోనును బీరువాలో పెట్టి నెలకోసారి ఛార్జింగ్ చేస్తున్నారు. మొన్న ఫోను చేసి, "అమ్మా, బ్యాటరీ ఉబ్బినట్టుంది, ఏం చేయమంటారు?" అని అడిగారు. ఛార్జింగ్ పెట్టవద్దని, ఎవరినీ తెరవనివ్వద్దని చెప్పాను. సోమవారం ఇద్దరం కలిసి దాన్ని నిపుణుడి దగ్గరికి తీసుకెళ్తున్నాం.