యాభై దాటాక ఉద్యోగం పోతే? జీతం ఆగకముందే చేసుకున్న ఏర్పాట్లు

ముప్పైల్లో ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుందన్న ధీమా ఉంటుంది. యాభై దాటాక ఆ ధీమా ఉండదు. లోను ఇంకా తీరి ఉండదు, పెన్షన్ వయసు ఇంకా వచ్చి ఉండదు, మధ్యలో కొన్నేళ్లు ఎలా గడుస్తాయో తెలియదు. ఈ భయాన్ని కాగితం మీద పెట్టి ఒక్కో పనీ తెముల్చుకోవడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. ఏది ముందు, ఏది వెనక అని తేల్చడానికి ఒక్క ప్రశ్న వేసుకున్నాను: జీతం ఆగిన మర్నాటి నుంచి నేను చేయలేని పనులేవి? అవి ముందు.

అన్నిటికీ పునాది ఖర్చు లెక్క. నెలకెంత అవుతుందంటే నోటికొచ్చే అంకె ఎప్పుడూ తక్కువే, ఏడాదికోసారి వచ్చేవి గుర్తుండవు గనుక. 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, కార్డు బిల్లులు ముందేసుకుని ప్రతి ఖర్చు పక్కనా ఆపలేనిది, తగ్గించగలిగేది, ఆపేయగలిగేది అని గుర్తు వేశాను. ప్రీమియంలు, ఫీజులు, బండి రిపేర్లు, పన్నులు కూడి 12తో భాగించి కలిపాను. నోటికొచ్చిన అంకెను 100 అనుకుంటే, అసలు ఖర్చు 123 తేలింది. అందులో ఆపలేనిది 78. ఇప్పుడు కంపెనీ భరిస్తున్న హెల్త్ ఇన్సూరెన్సు, ఫోను రేపు మన నెత్తినే పడతాయి. చాలామంది లెక్కలో జారిపోయేది ఇదే. అవీ కలిపితే 85.

చేతిలో ఉన్న డబ్బును ఆ 85తో భాగిస్తే ఎన్ని నెలలు నెట్టుకురాగలమో తెలుస్తుంది. ఇక్కడ మనల్ని మనమే మోసం చేసుకోవడం చాలా తేలిక. ఉంటున్న ఇల్లు ఈ లెక్కలోకి రాదు. రిటైర్మెంట్ ఫండూ రాదు, గడువుకు ముందు తీస్తే పన్నో, కోతో పడే అవకాశం ఉంది. షేర్లకు ఈనాటి విలువలో 60 శాతమే వేశాను, ఉద్యోగాలు ఊడే కాలమూ మార్కెట్ పడే కాలమూ తరచూ ఒకటే అవుతాయి. సొంత కంపెనీ షేర్లకు సున్నా వేశాను. కంపెనీ దెబ్బతింటే జీతమూ షేరూ కలిసే పోతాయి.

నాకు తేలింది 7 నెలలు. మామూలుగా చెప్పే 3 నుంచి 6 నెలల నిల్వ ఈ వయసుకు చాలదు. పెద్ద హోదాల్లో ఖాళీలు తక్కువ, ఇంటర్వ్యూలు నెలల తరబడి సాగుతాయి. లక్ష్యం 18 నెలలు పెట్టుకున్నాను. 3 నెలల ఖర్చు సేవింగ్స్ ఖాతాలో ఉంచి, మిగతా 15 నెలలదీ ఐదు డిపాజిట్లుగా విడగొట్టి, మూడేసి నెలల తేడాతో ఒక్కోటి చేతికొచ్చేలా వేస్తున్నాను. ఒకే పెద్ద డిపాజిట్టయితే అవసరానికి కొంతే కావలసినా మొత్తం విరగ్గొట్టి వడ్డీ పోగొట్టుకోవలసి రావచ్చు.

లోను విషయంలో భయం తప్పుదారి పట్టిస్తుంది. ఉన్నదంతా కట్టేసి అప్పు దించుకోవాలనిపిస్తుంది. పూర్తిగా తీరిపోతే మంచిదే. సగం తీరితే మాత్రం వచ్చే నెల ఈఎంఐ వస్తూనే ఉంటుంది, కట్టిన డబ్బు వెనక్కి రాదు. అందుకే ముందు 12 నెలల నిల్వ చేరేదాకా లోను జోలికి పోలేదు. ఆ తరవాత కొంత ముందుగా కట్టి, కాలం కాకుండా ఈఎంఐ తగ్గించమని బ్యాంకుకు రాసిచ్చాను. వడ్డీ ఎక్కువ ఆదా అయ్యేది కాలం తగ్గిస్తేనే, ఆ మాట నిజం. కానీ జీతం ఆగిన ఇంటికి నెలనెలా బయటకు పోయేది తగ్గడమే ఊపిరి. 85 కాస్తా 77కు దిగింది.

ఇక జీతంతో పాటే మూసుకుపోయే దారులు. ఓవర్‌డ్రాఫ్ట్ (ఖాతాలో డబ్బు లేకున్నా ఒక పరిమితి దాకా వాడుకోగలిగే అప్పు) కావాలంటే బ్యాంకు మొదట అడిగేది జీతం స్లిప్పులే, కాబట్టి అవసరం లేనప్పుడే తీసి పక్కన పెట్టాను. పరిస్థితి మారితే బ్యాంకు ఆ పరిమితి తగ్గించొచ్చు, అందుకే దాన్ని నిల్వలో కలపలేదు. కుటుంబానికి సొంత హెల్త్ పాలసీ తీసుకోవడంలో ఆలస్యం అన్నిటికన్నా ప్రమాదం. ముందునుంచీ ఉన్న జబ్బులకు చాలా పాలసీల్లో వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్ ఇవ్వని తొలి గడువు, ఉంటుంది. కంపెనీ ఇన్సూరెన్సు నడుస్తుండగానే ఆ గడువు గడిచిపోవాలి. బీపీ, షుగరు దాచి తీసుకుంటే సరిగ్గా ఆస్పత్రిలో పడ్డనాడే క్లెయిమ్ తిరస్కరించొచ్చు, కాబట్టి ఉన్నదున్నట్టు రాయాలి. చిన్నదిగా కనిపించి పెద్ద తలనొప్పి తెచ్చేది ఆఫీసు ఈమెయిలు, ఆఫీసు ఫోను నంబరు. బ్యాంకు ఓటీపీలు వాటికి వస్తుంటే చివరి రోజు సాయంత్రానికి మన డబ్బు మనకే అందదు. అన్ని ఖాతాలూ సొంత నంబరుకు మార్చాను. నియామక పత్రం, ప్రమోషన్ లేఖలు, జీతం స్లిప్పులు, పన్ను కాగితాలు ఇంటికి తెచ్చి పెట్టుకున్నాను. కంపెనీ పత్రాలు మాత్రం ఒక్కటీ తాకకూడదు.

నియామక పత్రం నిదానంగా చదివితే నోటీసు గడువు, మిగిలిన సెలవులకు వచ్చే డబ్బు, బయటి పని మీద నిషేధం, పోటీ సంస్థలో చేరడం మీద షరతులు బయటపడతాయి. పంపించేటప్పుడు పెట్టే సెటిల్‌మెంట్ కాగితం మీద అదే గదిలో, అదే రోజు సంతకం పెట్టకుండా చదువుకోవడానికి గడువు అడగాలి. ఇన్సూరెన్సును కొన్ని నెలలు కొనసాగించమని, లేఖలో కారణం ఎలా రాస్తారో చూపించమని అడగడానికి అప్పుడే వీలు.

కన్సల్టింగ్ చేసుకుంటాను అనేది అందరూ చెప్పే రెండో దారి. రేటు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఏడాదికి 220 పనిదినాలనుకుంటే, వాటిలో బిల్లు వేయగలిగేవి సగమే అనుకోవడం మంచిది, మిగతా సగం పని వెతకడానికి, కొటేషన్లకు, వసూళ్లకు పోతుంది. ఏడాదికి 1,200 కావాలంటే రోజుకు 1,200ను 220తో భాగించి 5.5 అనుకుంటాం. 110తో భాగిస్తే 11. అంటే జీతం లెక్కకు రెట్టింపు అడగాలి. బిల్లు డబ్బు చేతికి రావడానికి 60 రోజులు పట్టినా తట్టుకోవాలి. ఒప్పందం అనుమతిస్తే ఉద్యోగంలో ఉండగానే ఒక చిన్న పని చేసి చూడాలి. డబ్బిచ్చే మొదటి మనిషి దొరికేదాకా అది ఆలోచనే తప్ప ప్లాన్ కాదు.

పరిచయాల సంగతి. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రచురించిన అధ్యయనంలో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవారిలో తరచూ కలిసే మనిషి ద్వారా దొరికినవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడూ కలిసేవారి ద్వారా 55.6 శాతం, అరుదుగా కలిసేవారి ద్వారా 27.8 శాతం. అందుకే దగ్గరివాళ్లను వదిలి పాత సహోద్యోగులు, పాత క్లయింట్లు 40 మంది పేర్లు రాసుకుని వారానికి ఇద్దరితో మాట్లాడాను, 20 వారాలు పట్టింది. ఉద్యోగం అడగలేదు, వాళ్ల దగ్గర ఇప్పుడు ఏ పనికి మనుషులు దొరకడం లేదో అడిగాను. రెజ్యూమెలో ఏం దిద్దుకోవాలో ఆ జవాబులే చెప్పాయి.

ఆఖరున ఇంట్లో అందరం కూర్చుని ఒక కాగితం రాసుకున్నాం, కంగారులో నిర్ణయాలు చెడతాయి కాబట్టి. జీతం ఆగిన రోజున, ఆపేయగలిగేవన్నీ ఆగుతాయి. మూడో నెలలో తగ్గించగలిగేవి సగానికి. ఆరో నెల దాటితే తక్కువ జీతమైనా, కాంట్రాక్టయినా ఒప్పుకోవడం. నిల్వ 6 నెలలకు దిగితే చిన్న ఇంటికి మారడం, ఎందుకంటే ఇల్లు మారడానికే రెండు మూడు నెలలు, కొంత డబ్బు పడుతుంది. ఆ కాగితం బీరువాలో పాలసీల ఫైలు పైనే ఉంది, ఆరు నెలలకోసారి తీసి అంకెలు దిద్దుతున్నాం. మొన్న దిద్దినప్పుడు నిల్వ 14 నెలలు ఉంది.