మేడ మీది గాలిలో

మైక్రోస్కోప్‌లో ఫుక్సిన్ అనే అద్దకం పట్టి గులాబీ రంగుకు తిరిగిన గుండ్రటి రేణువు, ఒంటి నిండా పొట్టి పొట్టి ముళ్లు. అలర్జీ తెచ్చే కలుపు మొక్క వయ్యారిభామ పుప్పొడే! గుండె ఒక్కసారి ఝల్లుమంది.

గాలిలోని పుప్పొడిని, బూజు బీజాల్ని పట్టడానికి మేడ మీద పెట్టిన ట్రాప్ నిమిషానికి 10 లీటర్ల గాలి పీలుస్తుంది, ఇంచుమించు మనం పీల్చేంత. లోపలి జిగురు టేపు గంటకు 2 మిల్లీమీటర్లు జరుగుతుంది కాబట్టి ఏ రేణువు ఏ గంటలో వాలిందో కూడా తెలుస్తుంది. గడ్డి పుప్పొడి నున్నగా, ఒకే రంధ్రంతో ఉంటుంది, కానీ అది ఏ గడ్డిదో చూసి చెప్పలేం. ఆల్టర్నేరియా బూజు బీజమైతే అడ్డగోడలు కట్టిన చిన్న గదలా ఉంటుంది, భలే అందం.

అమ్మ పొద్దున్నే వరసగా తుమ్ముతుంటే ఇన్నేళ్లూ దుమ్ము పడదులే అనుకున్నాం. ఇంటి పక్క ఖాళీ స్థలం నిండా ఈ వయ్యారిభామ మొక్కే. అమ్మకు అలర్జీ టెస్టు చేయించాలి. ఆదివారం గ్లవుజులు వేసుకుని మొక్కలన్నీ పీకేస్తాను.