సీసం, గ్రీన్ టీ, ఉల్లి వేళ్లు: నా ప్రాజెక్టు అనుభవం

సీసం విషాన్ని గ్రీన్ టీ ఎంతవరకు తగ్గిస్తుందో చూడటం నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు. ఎలుకలతో చేయాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. నాకున్న 4 నెలల్లో అది తేలే పని కాదు. అందుకే ఉల్లిపాయను పట్టుకున్నాను. కణ విభజనను ఆపే కాల్చిసిన్ అనే రసాయనం ప్రభావం చూడటానికి 1938లో ఆల్బర్ట్ లెవాన్ వాడిన పద్ధతి ఇది. ఉల్లి వేరు కొసలో కణాలు జోరుగా విభజన చెందుతుంటాయి. క్రోమోజోములు 16 మాత్రమే, అవీ పెద్దవి కాబట్టి మామూలు మైక్రోస్కోప్‌లోనే తేడాలు కనిపిస్తాయి.

కనిపించాలంటే ముందు వేళ్లు రావాలి కదా! పది రోజులు చూసినా రాలేదు. మొలకెత్తకుండా మందు కొట్టిన పాయలేమోనని అనుమానం వచ్చి, మందు వాడనివి వెతికి తెచ్చాను. అడుగున వేళ్లు పుట్టే చోటు తెగకుండా ఎండిన పాత వేళ్లు గీకేసి నీళ్లలో పెడితే, రెండో రోజుకే తెల్లగా వచ్చేశాయి. ఆ సంబరంలో లెడ్ నైట్రేట్‌ను కుళాయి నీళ్లలో కలిపాను. నీళ్లు మబ్బుగా మారాయి. వాటిలోని కార్బొనేట్లు, సల్ఫేట్లతో కలిసి సీసం అడుక్కి దిగిపోయింది. ఆ వారం కష్టమంతా వృథా. డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ మొదలు. (వాడిన సీసం నీళ్లు సింకులో పోయకండి, విడిగా డబ్బాలో పట్టి ల్యాబ్ వ్యర్థాల్లో ఇవ్వాలి.)

వేరు కొసల్ని మూడు వంతుల ఆల్కహాల్, ఒక వంతు ఎసిటిక్ ఆమ్లంలో ఒక రోజు ఉంచి, 60 డిగ్రీల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కొన్ని నిమిషాలు మెత్తబరిచి, ఎసిటోకార్మిన్ రంగు వేసి, కవర్‌స్లిప్ మీద బొటనవేలితో నొక్కాలి. ఈ నొక్కుడే నన్ను ఏడిపించింది. కాస్త గట్టిగా నొక్కితే గాజు పగిలేది, మెల్లగా నొక్కితే కణాలు గుట్టగా ఉండిపోయేవి. గ్రూపుకు 5 పాయలు, పాయకు 1000 కణాల లెక్క. స్లైడ్లకు కోడ్ నంబర్లు మాత్రం స్నేహితురాలితో వేయించాను. ఏది గ్రీన్ టీదో తెలిస్తే అందులో మైక్రోన్యూక్లియస్‌లు (క్రోమోజోములు దెబ్బతిన్నప్పుడు అసలు కేంద్రకం పక్కన కనిపించే చిన్న కేంద్రకాలు) నా కంటికి ఆనవని నాకే భయం.

సీసంలో పెట్టిన వేళ్లు పొట్టిగా, గోధుమ రంగు కొసలతో ఉన్నాయి. సీసంతో పాటు గ్రీన్ టీ కలిపిన బీకర్లో మాత్రం దాదాపు కంట్రోల్ (ఏమీ కలపని నీళ్లలో పెట్టిన వేళ్లు) అంత పొడవు! ఎగిరి గంతేసినంత పని చేశాను. గైడ్ మేడమ్ ఆ బీకర్ ఎత్తి వెలుతురులో చూశారు.

"అడుగున ఈ మడ్డి ఏమిటమ్మా? అసలు సీసం వేళ్లలోకి వెళ్లిందంటావా?"

టీలోని పాలీఫినాల్స్ లోహాలను పట్టుకుంటాయి. అంటే కణానికి రక్షణ ఏమీ జరగకుండానే, సీసం బయటే ఆగిపోయి ఉండొచ్చు. పైగా గ్రీన్ టీ ఒక్కటే ఉన్న గ్రూపు నేను పెట్టనేలేదు. ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను.

ఈసారి వేళ్లను ముందు ఒక రోజు గ్రీన్ టీలో ఉంచి, బాగా కడిగి, ఆ తర్వాత సీసంలో పెట్టాను. మైక్రోన్యూక్లియస్‌లు తగ్గాయి కానీ మొదటిసారి అంత గొప్పగా కాదు. గ్రీన్ టీ చిక్కగా ఒక్కటే ఉన్న బీకర్లో అయితే మైటోటిక్ ఇండెక్స్ (విభజనలో ఉన్న కణాల శాతం) కంట్రోల్ కంటే పడిపోయింది. కాపాడుతుందనుకున్నదే మోతాదు మించేసరికి విభజనకు అడ్డుపడింది.

రిపోర్టులో రెండు పట్టికలూ పెట్టాను. శీర్షికలో 'రక్షణ' ముందు 'పాక్షిక' చేర్చి, మొదటి పట్టిక కింద మడ్డి సంగతి రాశాను. వైవాలో మొదటి ప్రశ్న ఆ మడ్డి మీదే వచ్చింది.